పారబోయకూడని నీళ్లు

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు ఎప్పుడైనా నా దగ్గరికి వస్తే ముందు మెషీన్ల గురించి అడుగుతారు. ఏ మెషీన్ ఎన్ని నిమిషాల్లో రిపోర్టు ఇస్తుంది, ఏది నేర్చుకుంటే ఉద్యోగం తొందరగా దొరుకుతుంది అని. నాకు తెలిసినంత చెబుతాను. మెషీన్‌లోకి పోయేదాకా నమూనా ఎవరి చేతిలో ఉంటుందో, ఆ చేయి తప్పు చేస్తే ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు. నేను రాయదలచుకున్నది ఆ సంగతి.

2009 నుంచి 2014 దాకా కామారెడ్డిలో ఒక ప్రైవేటు ల్యాబులో పని చేశాను. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా వేరే చోట్ల మలేరియా, టీబీ, రక్తం, మూత్రం పరీక్షలు చేశాను. నాకు పని వచ్చనే అనుకునేదాన్ని. రాదని తెలిసింది చివరి ఐదేళ్లలో.

మా పని

ఊపిరితిత్తికి క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొందరికి దాని చుట్టూ నీళ్లు చేరతాయి. డాక్టరు పక్కటెముకల మధ్య సూది పెట్టి ఆ నీళ్లు తీసి సీసాలో పంపుతాడు. మేం వాటిని సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పితే కణాలు అడుగున చేరతాయి. ఆ మడ్డిని గాజు పలక మీద పల్చగా పరిచి రంగు వేస్తే స్లైడ్ తయారవుతుంది. దాన్ని మైక్రోస్కోపులో చూసి క్యాన్సర్ కణాలు ఉన్నాయో లేవో డాక్టరు చెబుతాడు. నేను చేరిన కొత్తలో మా పని అక్కడితో అయిపోయేది.

ఆ స్లైడ్లు చూసే మా ల్యాబు పాథాలజిస్టు డాక్టర్ మాధవరావు. స్లైడు చేతికిచ్చి రోగి పేరు చెప్పబోతే, "పేరు తర్వాత. ముందు కణాలు చూడనీయి" అనేవారు. పేరు, ఊరు, వయసు తెలిస్తే కన్ను ముందే తీర్పు ఇస్తుందని ఆయన భయం. అంత జాగ్రత్త గల మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయనలో లోపం కూడా అంత పెద్దదే. తాను చదువుకున్న రోజుల్లో లేనిది ఏది వచ్చినా, అది పట్నం వాళ్ల సోకు అనేవారు.

ఎల్లారెడ్డిలో మాకు ఒక చిన్న గది ఉండేది. నమూనాలు తీసుకోవడానికి ప్రతి బుధవారం నేను అక్కడికి పోయేదాన్ని. నాగిరెడ్డిపేట వైపు నుంచి బస్సు పది గంటలకు వచ్చేది. అది రాగానే గది నిండిపోయేది.

గంగారాం

2010 వానాకాలంలో మద్నూర్ నుంచి గంగారాం అనే వడ్రంగి వచ్చాడు. యాభై దాటిన మనిషి. బీడీ ముట్టలేదు. ఆరు నెలలు టీబీ మందులు మింగి కూడా దగ్గు తగ్గక, ఆయాసంతో వచ్చాడు. దగ్గు అంటే టీబీ అనే లెక్క మా దగ్గర ఎంతమంది ఆరు నెలలను మింగిందో! మందులు ఇచ్చిన డాక్టర్లను అనడం లేదు. మా వైపు టీబీ నిజంగానే ఎక్కువ. కాని రెండు నెలలకు కూడా తగ్గకపోతే ఇంకోటి ఏమన్నా ఉందేమో అని అనుమానించాలి కదా.

ఆయన ఛాతీలోంచి తీసిన నీళ్లు పెద్ద సీసా నిండా వచ్చాయి. నేను అందులోంచి రెండు గొట్టాల నిండా తీసుకుని తిప్పాను, నాలుగు స్లైడ్లు చేశాను. మాధవరావు గారు చూసి క్యాన్సర్ అని రాశారు. రిపోర్టు మీద సంతకం పడింది. మా ల్యాబు పద్ధతి ప్రకారం, సంతకం పడ్డాక సీసా ఖాళీ చేయాలి. చేశాను. సీసా కడిగి బోర్లించాను కూడా.

పది రోజులకు గంగారాం కూతురు సవిత వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. చేతిలో మా రిపోర్టు చూసి హైదరాబాద్ డాక్టరు రాసిన చీటీ ఉంది.

"మేడం, బాపు కణాలల్ల జీన్ మార్పు ఉన్నదా లేదా చూడాల్నంట. ఉంటే దినాం ఒక గోలీ మింగితె సరిపోతదంట. పరీక్షకు ఆ నీళ్లు కావాలె."

"స్లైడ్లు ఉన్నయి బిడ్డా, సారును అడిగి చూస్త."

"స్లైడ్లు గాదంట. నీళ్లలకెల్లి కణాలు తీసి మైనంల దిమ్మ చేస్తరంట. ఆరోజు సీసా నిండ వచ్చినయి గద మేడం? అవి ఏమైనయి?"

అబద్ధం చెప్పే వీలుంది. చెడిపోయాయని అనవచ్చు. నోట్లోంచి నిజమే వచ్చింది.

"పారబోసిన."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. "మల్ల తీస్తె వస్తయా?" అని మాత్రం అడిగింది.

మళ్లీ తీయడానికి ప్రయత్నించారు. ఈసారి నీళ్లు అక్కడక్కడా అరలు కట్టి ఉన్నాయి, సూదికి అందలేదు. గట్టిగా ప్రయత్నిద్దామంటే ఆయన నిమిషం కూడా కూర్చోలేకపోతున్నాడు. హైదరాబాద్ తీసుకుపోవాలని అనుకుంటుండగానే గంగారాం పోయాడు.

పరీక్ష చేసినా ఆయనలో ఆ మార్పు ఉండేదని ఎవరూ చెప్పలేరు. ఎక్కువమందిలో ఉండదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. దానితో నా మనసుకు సర్ది చెప్పుకోలేకపోయాను. ఉందో లేదో తెలుసుకోవడానికి అప్పటికి నాకు తెలిసిన ఒకే ఒక దారిని నేను సింకులో పోశాను, అదీ పద్ధతి ప్రకారం.

మాధవరావు గారికి చెప్తే, "రూలే కదా విజయా, నీ తప్పేముంది?" అన్నారు. ఆయన ఓదార్పుగానే అన్నారు. ఆ ఓదార్పు నాకు నచ్చలేదు. ఆరోజే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. నన్ను అడగకుండా ఏ నీళ్లూ పారబోయవద్దని, సంతకం పడినా సరే, రెండు వారాలు ఆగాలని. డాక్టరు చదివారు. తీసేయమని అనలేదు.

మూడు రోజుల సెలవు

సవిత చీటీ మీద ఉన్న హైదరాబాద్ ల్యాబుకు ఫోన్ చేసి, మూడు రోజులు వచ్చి పని చూస్తానని అడిగాను. అక్కడ జీన్ పరీక్షలు చేసే డాక్టర్ నీరజ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. ఆమె నన్ను మొదటిరోజే ఒక అలమారా దగ్గరికి తీసుకుపోయింది. అందులో జిల్లాల నుంచి వచ్చిన మైనం దిమ్మలు ఉన్నాయి.

"ఇవన్నీ వాపస్ పంపేటివే అక్కా," అంది. "కొన్నింట్ల కణాలే లేవు. కొన్నింటిని ఫార్మలిన్‌ల వారం నానబెట్టి పంపిన్రు. అన్ని రోజులు నానితే లోపల డీఎన్‌ఏ తునకలైపోతది. నా మెషీన్ ఎంత మంచిదైతే ఏం లాభం? మీరు పంపిందే అది చదువుతది."

ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్లు వచ్చిన కొన్ని గంటల్లోపే తిప్పాలి. అడుగున చేరిన కణాలను గడ్డ కట్టించి, పల్చని గుడ్డలాంటి కాగితంలో చుట్టి, కణాలు చెడకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఒక రాత్రి, మహా అయితే ఒక పగలూ రాత్రీ ఉంచాలి. తర్వాత మైనం పోసి దిమ్మ చేయాలి. ఫార్మలిన్ ఎప్పుడు కలిపారో సీసా మీద రాయాలి. వినడానికి ఇంతే. చేయబోతే ఒక్కటీ కుదరదు.

పోయేముందు నీరజ ఇంకో మాట చెప్పింది. "దిమ్మ లేకుంటే ఆశ ఇడిచిపెట్టకు అక్కా. రంగేసిన స్లైడు మీద కణాలు మస్తు ఉంటే వాటిని గీకి కూడా నేను చూడగల్గుత. కాని ఆ స్లైడు మల్ల రాదు. అందుకే ఎవరూ ఇయ్యరు."

కామారెడ్డికి వచ్చి దిమ్మలు చేస్తానంటే మాధవరావు గారు ఒప్పుకోలేదు. "మనది పల్లెలకు పనిచేసే ల్యాబు. ఆ పరీక్ష ఎవరు చేయించుకుంటరు? ఆ గోలీ ఎవరు కొంటరు?"

"కొంటరో లేదో వాళ్లు చూసుకుంటరు సార్. ఇవ్వగలిగి కూడా మనం ఇయ్యకుంటే తప్పు మనది."

ఆయన మైక్రోస్కోపు ముందుకు జరిగి తన పనిలో పడ్డారు. దాన్నే ఒప్పుదలగా తీసుకున్నాను. క్యాన్సర్ లేదని తేలిన నీళ్లతో సాధన మొదలుపెట్టాను. మొదటి దిమ్మ కత్తి తగలగానే పొడి పొడి అయింది. రెండోదాంట్లో కణాలు ఏ మూలకు పోయాయో కనిపించలేదు. మూడోది, నాలుగోది కూడా అంతే. ఏడోది కోసి, రంగు వేసి, డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. చూశారు. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు.

"ఎక్కడికెల్లి రాలేదు సార్. మనదే."

మళ్లీ మైక్రోస్కోపులోకి వంగారు. "ఇక నుంచి ఛాతీ నీళ్లు ఏవి వచ్చినా దిమ్మ చేయి," అన్నారు.

బాలవ్వ

2011 సెప్టెంబరు చివర. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బుధవారం ఎల్లారెడ్డికి షేర్ ఆటోలో పోయాను. గదిలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నాగిరెడ్డిపేట దగ్గరి తండా దాటిన పల్లె వాళ్లది. ఒకామె బాలవ్వ, నలభై అయిదేళ్ల వయసు. పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద రెండెకరాల వరి. భర్త మస్కట్‌లో కూలి పని చేస్తాడు. రెండో ఆమె బాలవ్వ ఆడబిడ్డ సాయవ్వ. బాలవ్వ మాట్లాడితే దగ్గు వస్తుందని, మాటలన్నీ సాయవ్వే మాట్లాడేది.

"టీబీ గోలీలు అయిపోయినయి, దమ్ము తగ్గలె. ఎల్లారెడ్డి దవాఖానల సారు నీళ్లు తీసి గీ సీసా ఇచ్చిండు. జెర మంచిగ చూడుండ్రి."

సీసాలో నీళ్లు కొంచెమే ఉన్నాయి, రక్తం కలిసి ఎర్రగా. ఆ గదిలోనే ఉన్న చిన్న మెషీన్లో తిప్పి మూడు స్లైడ్లు చేశాను, మిగిలిన కణాలతో దిమ్మకు గడ్డ కట్టించాను. కామారెడ్డిలో మాధవరావు గారు స్లైడు చూసి పేరు అడిగారు. చెప్పాను. వయసు అడిగారు. చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి, "ఊపిరితిత్తి క్యాన్సరే," అన్నారు. "దిమ్మ హైదరాబాద్ పంపి ఖాయం చేయించు. ఆ తర్వాత జీన్ పరీక్ష."

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. క్యాన్సర్ ఎక్కడ పుట్టిందో ఖాయం చేసే రంగుల పరీక్ష ఒక చోట, జీన్ పరీక్ష నీరజ దగ్గర. ముందుగా రంగుల పరీక్షకు పంపాను. ఫారం మీద పేరు, ఊరు, ఏం చూడాలో రాశాను. "కొంచెమే ఉంది, జీన్ పరీక్షకు మిగల్చండి" అని రాయలేదు. అంత చిన్న దిమ్మను చూస్తే వాళ్లకే తెలుస్తుందిలే అనుకున్నాను. వాళ్లకెలా తెలుస్తుంది? తమ పని తాము శ్రద్ధగా చేశారు, రంగుకో పొర కోసి, ఒకటికి నాలుగు రంగులు వేసి చూశారు. ఊపిరితిత్తి క్యాన్సరే అని ఖాయమైంది. దిమ్మ మాత్రం నీరజ దగ్గరికి చేరేసరికి అందులో మైనం తప్ప ఏమీ మిగలలేదు. "సరిపడా కణాలు లేవు" అని రిపోర్టు వచ్చింది.

నీళ్లు మళ్లీ తీయమని ఎల్లారెడ్డి డాక్టరును అడిగాను. "ఆమె ఉన్న తీరుకు నేను మల్ల సూది పెట్టలేను," అన్నాడు. ఆయన మాట నిజం. బాలవ్వ రెండు మెట్లు ఎక్కి ఆగి గోడ పట్టుకునేది. సెలైన్‌లో ఎక్కించే మందులను ఆ ఒళ్లు తట్టుకోలేదని, ఆమె కాగితాలు చూసిన హైదరాబాద్ డాక్టరు కూడా చెప్పాడు. గోలీ పనిచేసే రకం క్యాన్సర్ అయితేనే ఏదైనా చేయగలం.

మిగిలినవి మూడు స్లైడ్లు.

డాక్టరు గారితో పోట్లాట

"స్లైడ్లు ఇయ్యం," అన్నారు మాధవరావు గారు. "రేపు ఎవరన్నా వచ్చి, ఏం చూసి క్యాన్సర్ అని రాసినవ్ అని అడిగితే నేను ఏం చూపించాలె? స్లైడు ల్యాబుకు సాక్ష్యం. ముప్ఫై ఏళ్లల్ల ఒక్క స్లైడు బయటికి ఇయ్యలె."

"సార్, సాక్ష్యం బీరువాల పైలంగ ఉంటది. మనిషి ఉండదు."

"నాకు నీతులు చెప్తున్నవా?"

"చెప్తున్న సార్. గంగారాం నీళ్లు పారబోసినప్పుడు నాకు తెల్వదు. తెల్వక చేసిన. ఇప్పుడు తెలిసి ఊకుండలేను."

ఆయన ముఖం ఎర్రబడింది. లేచి బయటికి పోయారు. ఉద్యోగం పోయినట్టే అనుకుని నా టిఫిన్ డబ్బా సర్దుకున్నాను కూడా. అరగంటకు తిరిగొచ్చారు. ఎక్కడ అడిగి తెచ్చారో, చేతిలో చిన్న డిజిటల్ కెమెరా ఉంది.

"మూడు స్లైడ్లకూ ఫొటోలు తీద్దాం. ఒకటి మన దగ్గర ఉండాలె. రెండు నువ్వు తీస్కపో," అన్నారు. కెమెరాను మైక్రోస్కోపు కంటికి ఆనించి ఆయనే ఫొటోలు తీశారు, చేయి వణకకుండా ఊపిరి బిగబట్టి. క్యాన్సర్ కణాలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో చూసి గాజు వెనక వైపు గుండ్రంగా గీతలు గీసి ఇచ్చారు. అంతకంటే పెద్ద సాయం ఎవరూ చేయలేరు. నీరజకు గీకాల్సిన చోటు తెలిసింది.

పై అధికారితో పోట్లాడితే గెలవాలని పిల్లలు అనుకుంటారు. నేను ఆరోజు గెలవలేదు. ఆయన జాగ్రత్త ఆయన వదులుకోలేదు, నేను అడిగింది నేను వదులుకోలేదు. రెండూ కావాల్సినవే.

ఇక స్లైడు మీద కణాలను కప్పి అంటించిన పల్చని గాజు ముక్క ఊడాలి. గ్జైలీన్ అనే ద్రావకంలో నానబెట్టాలి. మొదటి స్లైడుది ఒక రోజులో జారింది. రెండోదానిది కదల్లేదు. బ్లేడు మొన పెట్టి లేపితే వస్తుందనిపించింది. పాత స్లైడు ఒకటి తీసుకుని అలా లేపి చూశాను. గాజుతో పాటు కణాలన్నీ లేచి వచ్చాయి. బ్లేడు పక్కన పెట్టేశాను. బాలవ్వ అక్కడ ఆయాసపడుతుంటే ఇక్కడ గాజు ముక్క ఊడేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. మూడో రోజు సాయంత్రం అది తనంతట తానే జారింది.

రోడ్డు మీద

దిమ్మలా కాదు, స్లైడ్లు పగిలితే మళ్లీ రావు; వాటిని పోస్టులో పంపే రోజులు కావు అవి. రైళ్లు కూడా ఎప్పుడు ఆగుతాయో తెలియదు. నేనే తీసుకుపోతానని చెప్పాను. ఎట్లా తెలిసిందో, మర్నాడు పొద్దున్నే ల్యాబు ముందు సాయవ్వ నిలబడి ఉంది. ఎవరిదో మోటర్ సైకిల్ మీద వచ్చిందట.

"నేను గూడ వస్త మేడం. ఇంటికాడ కూసుంటె మనసున పడ్తలేదు."

కామారెడ్డి నుంచి రామాయంపేట దాకా ఒక జీపు, అక్కడి నుంచి తూప్రాన్‌కు ఇంకోటి. తూప్రాన్ చేరకముందే రోడ్డు బందు. జనం రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా జీపును ఆపి ఒకతను నా ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బా చూశాడు.

"ఏందక్కా అండ్ల?"

నేను గాజు పలకలని చెప్పబోతుంటే సాయవ్వ అందుకుంది. "మా వదినె పానం ఉన్నది అండ్ల. కావల్నంటె చూడు."

అతను డబ్బా ముట్టుకోలేదు. "ఏమైంది మీ వదినెకు?" అన్నాడు. సాయవ్వ చెప్పింది, మొదటి టీబీ గోలీ దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. రోడ్డు వదిలిపెట్టడానికి ఇంకా గంట పడుతుందని, అంతవరకు ఎండలో కూర్చోవద్దని మమ్మల్ని టెంటు కిందికి తీసుకుపోయి విస్తరాకులో అన్నం, పప్పు పెట్టారు. తిని లేచేసరికి అతనే ఇద్దరు మనుషులను పంపి మా జీపును అందరికంటే ముందు దాటించాడు.

మధ్యాహ్నం మూడింటికి నీరజ చేతిలో డబ్బా పెట్టాను. వెలుతురుకు ఎత్తి, గీతల లోపల చూసింది. "సరిపోతదక్కా. ఎవరు గీసిన్రు ఇది?" అంది. మా డాక్టరు గారని చెబితే, "ముప్ఫై ఏళ్లల్ల ఒక్క స్లైడు ఇయ్యలె అన్నవ్ గద ఆయన?" అని నవ్వింది.

ఆ రోజు నుంచి పదిరోజులు ఫోన్ మోగినప్పుడల్లా పని ఆపేదాన్ని. పదకొండో రోజు ఫోన్ మాధవరావు గారు ఎత్తారు. విన్నారు. రిసీవర్ నాకిచ్చారు. "నువ్వే విను."

"ఉన్నదక్కా," అంది నీరజ. "మార్పు ఉన్నది. గోలీ మొదలుపెట్టుమను."

నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. సాయవ్వకు చెప్పడానికి వాళ్ల పల్లెలో ఫోన్ ఉన్న ఇంటి నంబరు కోసం వెతికిన వెతుకులాట మాత్రం గుర్తుంది.

మందు దొరికే దారి హైదరాబాద్ డాక్టరు చూపించాడు. దసరా, దీపావళి దాటి ఒక బుధవారం నేను ఎల్లారెడ్డి గదిలో ఉంటే బాలవ్వ వచ్చింది. గోడ పట్టుకోకుండా నడిచి వచ్చింది. ముఖం నిండా ఎర్రటి పొక్కులు. ఆ మందుకు అలా వస్తాయి.

"గిదేంది మేడం, ఈ వయసుల పెండ్లికాని పోరి లెక్క మొటిమెలు?" అంది. అంత పొడుగు వాక్యం దగ్గు లేకుండా ఆమె నోట వినడం అదే మొదలు. సాయవ్వ పక్కన కూర్చుని, ఆరోజు ఒక్క మాట మాట్లాడలేదు.

బాలవ్వ మరి రెండేళ్లు ఉంది. 2012లో తన పొలంలో తానే నాటు వేసింది. భర్త మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి రెండు నెలలు ఉండిపోయాడు. 2013 చివర మందు పని చేయడం ఆగింది. ఆ జబ్బు మందును దాటుకునే దారి వెతుక్కుంటుంది, అప్పటికి దానికి మా దగ్గర జవాబు లేదు. ఆమె పోయిన వారానికి సాయవ్వ ల్యాబుకు వచ్చి చెప్పింది. "రెండేండ్లు మంచిగ బతికింది అక్కా," అంది. మేడం అనడం అప్పటికి ఎప్పుడో మానేసింది. నేను ఆమెతో పాటు ఏడ్చాను. మన వృత్తిలో ఏడవకూడదని ఎవరన్నా చెబితే నమ్మవద్దు. కన్నీళ్లు తుడుచుకుని చేయి కడుక్కుని మళ్లీ పనిలో కూర్చోవాలి, అంతే.

ఆ గోలీ

బాలవ్వ నడిచి తిరగడం చూసిన ఊళ్లన్నిటికీ గోలీ సంగతి పాకింది. ఇది నేను ఊహించలేదు. పరీక్ష అడగకుండా గోలీ అడిగేవాళ్లు మొదలయ్యారు. కడుపులో గడ్డ ఉన్నవాళ్లు, గొంతులో గడ్డ ఉన్నవాళ్లు కూడా. ఎవరికి పనిచేస్తుందో ఎవరికి చేయదో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. రిపోర్టు కవరులో పెట్టి ఇస్తే మా పని అయిపోయిందని అనుకునే అలవాటు మాది. ఆ అలవాటు తప్పు.

2014 ఫిబ్రవరిలో జుక్కల్ నుంచి శివరాజప్ప వచ్చాడు. అరవై దగ్గర వయసు, ఇంట్లో కన్నడం మాట్లాడతారు, బయట మన తెలుగే. నీళ్లు బాగా వచ్చాయి, దిమ్మ చక్కగా కుదిరింది, ఫారం మీద రాయాల్సిందంతా రాశాను. ఇన్నేళ్లకు ఒక్క పొరపాటూ లేకుండా చేసిన పని అది. జవాబు వచ్చింది. మార్పు లేదు. అప్పటికి రెండు రకాల మార్పులకు గోలీలు ఉండేవి. రెండూ లేవు.

కవరు ఇచ్చి పంపకుండా ఆయననూ వెంట వచ్చిన కొడుకునూ కూర్చోబెట్టి చెప్పాను. కొడుకు వినలేదు. "టెస్టు సంగతి మాకొద్దు మేడం. నాగిరెడ్డిపేట ఆమెకు ఇచ్చిన గోలీ మా నాయినకు గూడ రాయిపిచ్చుండ్రి. ఎంతైనా సరే, ఎడ్లు అమ్ముత."

"ఎడ్లు అమ్మకు. ఆ గోలీ ఆమె రోగానికి తాళం చెవి. మీ నాయిన రోగానికి తాళం వేరే. అది మింగిస్తే నెలలు పోతయి, రోగం పెరుగుతది. అది పని చెయ్యదని తెలిసింది గనుకనే ఇప్పుడు ఆగకుండ సెలైన్ మందులు మొదలుపెట్టాలె. మీ నాయిన ఒంట్ల ఇంక బలం ఉన్నది."

కొడుకు తల దించుకున్నాడు. అంతసేపు కిటికీలోంచి బయటికి చూస్తున్న శివరాజప్ప నా వైపు తిరిగాడు.

"లేనిదాని గురించి ఎంతసేపు మాట్లాడ్తరు?" అన్నాడు. "ఉన్న మందు ఎప్పుడు ఎక్కిస్తరో అది చెప్పుండ్రి. జూన్‌ల సోయా ఏసేది ఉన్నది."

నేను హైదరాబాద్‌కు ఫోన్ చేసి సోమవారానికి తేదీ ఇప్పించాను. ఆయన కవరును మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, కొడుకు కంటే ముందు లేచి, బస్సు ఎన్ని గంటలకో అడిగాడు.

నాలుగు నెలలు మందులు ఎక్కాయి. మధ్యలో ఒకసారి బాగా నీరసించి దవాఖానాలో పడుకున్నాడని తెలిసింది. జూన్‌లో, నేను ఉద్యోగం నుంచి దిగిపోయే వారంలో, ల్యాబుకు ఫోన్ వచ్చింది. గొంతు సన్నబడి ఉంది, వెంటనే గుర్తుపట్టలేదు.

"సోయా ఏసిన మేడం," అన్నాడు శివరాజప్ప. "వాన ఇంక పడలె. అయినా ఏసిన."